ఎక్సెప్షన్ సైట్ లిస్ట్‌లో పెట్టినా పాత డివైస్ జావా కన్సోల్ తెరుచుకోవట్లేదా?

ఈ సమస్యే నాకూ వచ్చింది. సర్వర్ రిమోట్ కన్సోల్ (దూరం నుంచే సర్వర్ స్క్రీన్ చూసి నడిపే జావా ప్రోగ్రామ్) తెరిస్తే "అప్లికేషన్ బ్లాక్డ్" అంటుంది, డివైస్ అడ్రస్‌ని ఎక్సెప్షన్ సైట్ లిస్ట్‌లో (అడ్డుకోవద్దని జావాకి మనం చెప్పే సైట్ల జాబితాలో) వేసినా అదే మాట. సర్వర్ బూట్ అవ్వక ఆగిపోయిన రాత్రి ఇది జరిగితే ఎంత టెన్షనో నాకు తెలుసు.

ముందు లిస్ట్‌లో మీరు రాసిన అడ్రస్ చూడండి. హెచ్‌టీటీపీఎస్ అనే మొదటి ముక్కతో సహా ఉండాలి. డివైస్ వేరే పోర్ట్‌లో నడుస్తుంటే ఆ నంబర్ కూడా ఉండాలి. నేను పోర్ట్ వదిలేసి గంటసేపు వెతుక్కున్నాను.

అది సరిగ్గానే ఉంటే, అసలు చిక్కు ప్రోగ్రామ్ డిజిటల్ సంతకంలో ఉంటుంది. పాత కన్సోల్ జార్ ఫైళ్లకు (జావా ప్రోగ్రామ్ ఉండే ఫైళ్లకు) ఎండీ5 అనే పాత, బలహీనమైన పద్ధతితో సంతకం చేసేవాళ్లు. 2017 ఏప్రిల్‌లో వచ్చిన జావా 8 అప్‌డేట్ 131 నుంచి అలాంటి ఫైల్‌ని జావా అసలు సంతకమే లేనిదిగా లెక్కేస్తుంది. దీనికి జావా ఫోల్డర్‌లో లిబ్, అందులో సెక్యూరిటీ, అందులో "జావా డాట్ సెక్యూరిటీ" అనే ఫైల్ తెరవాలి. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గానే తెరవండి, లేదంటే సేవ్ కాదు. "జేడీకే డాట్ జార్ డాట్ డిజేబుల్డ్ అల్గారిథమ్స్" అని వెతికితే అదే పేరు ముందు హ్యాష్ గుర్తు ఉన్న వివరణ లైన్లలో కూడా కనిపిస్తుంది. వాటిని మార్చి లాభం లేదు. హ్యాష్ లేని లైన్‌లో ఎండీ5 ఒక్కటీ తీసేసి, జావా మొత్తం మూసి మళ్లీ తెరవండి.

"హ్యాండ్‌షేక్ ఫెయిల్యూర్" అని వస్తే కథ వేరు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్ 291 నుంచి టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) పాత వెర్షన్లు 1.0, 1.1 మామూలుగా ఆపేసి ఉంటాయి. అదే ఫైల్‌లో టీఎల్ఎస్ పేరుతో ఉన్న అలాంటి లైన్‌లోంచే వాటిని తీయాలి. "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అంటే మాత్రం డివైస్ సర్టిఫికెట్‌ని జావా నమ్మట్లేదని అర్థం. బ్రౌజర్‌లో ఒప్పుకున్నది జావాకి చెల్లకపోవచ్చు. జావాతో వచ్చే కీటూల్ అనే కమాండ్‌తో ఆ సర్టిఫికెట్‌ని సీఏసర్ట్స్‌లో (జావా నమ్మే సర్టిఫికెట్లు ఉండే ఫైల్‌లో) వేయాలి, దాని పాస్‌వర్డ్ మీరు మార్చకపోతే "చేంజ్ఇట్". వేసేముందు సర్టిఫికెట్ ఫింగర్‌ప్రింట్ (దాన్ని గుర్తుపట్టే కోడ్) మీ డివైస్‌దేనా అని సరిచూసుకోండి, ఈ పని దయచేసి దాటవేయకండి.

ఈ మార్పులేవీ మీరు రోజూ వాడే కంప్యూటర్‌లో చేయొద్దు. తీసేస్తున్నవి నిజమైన రక్షణలు. నేను ఒక వర్చువల్ మెషీన్‌లో జావా 8 పెట్టి, దాన్ని మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌కి (ఇలాంటి డివైస్‌ల నిర్వహణకే వాడే నెట్‌వర్క్‌కి) మాత్రమే కలిపి, ఆటో అప్‌డేట్ ఆపేశాను. అప్‌డేట్ పడితే ఈ మార్పులు పోతాయి. జావా 11లో ఈ కన్సోల్‌ని తెరిచే వెబ్ స్టార్ట్ లేదు, కాబట్టి కొత్త వెర్షన్ వేసి చూడటం దండగ. డివైస్‌కి కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే, అందులో జావా లేకుండా బ్రౌజర్‌లోనే తెరుచుకునే హెచ్‌టీఎంఎల్5 కన్సోల్ ఉంటే, ఇదంతా పక్కనపెట్టి ముందు అదే వేయండి.

అప్పటికీ రాకపోతే జావా కంట్రోల్ ప్యానెల్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి "షో కన్సోల్" ఆన్ చేయండి. ఎర్రర్ మొదటి రెండు మూడు లైన్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.