డాక్టర్ పెప్పర్ పేరు: ఆ ప్రేమకథను నమ్మొచ్చా?

మందుల షాపు నడిపిన వేడ్ మోరిసన్ వర్జీనియాలో డాక్టర్ చార్లెస్ పెప్పర్ కూతుర్ని ప్రేమించి, ఆ డాక్టరు పేరే 'డాక్టర్ పెప్పర్' అనే అమెరికన్ కూల్ డ్రింకుకి పెట్టాడన్న కథ నిజమేనా అని అడిగారు. వినడానికి బాగుంటుంది కానీ లెక్క కుదరదండీ.

ఖాయంగా తెలిసింది ఇది. 1885లో టెక్సస్‌లోని వేకోలో, మోరిసన్ నడిపిన ఓల్డ్ కార్నర్ డ్రగ్ స్టోర్‌లో ఈ డ్రింకు పుట్టింది. కలిపింది అక్కడి ఫార్మసిస్టు చార్లెస్ ఆల్డర్టన్. (పాపం, పేరులో ఆయనకి చోటు దక్కలేదు!) పేరు పెట్టింది మోరిసనే అంటారు.

చార్లెస్ పెప్పర్ కల్పిత మనిషేం కాదు, వర్జీనియాలోని రూరల్ రిట్రీట్ అనే ఊళ్ళో ఉండేవాడు. కానీ మోరిసన్ టెక్సస్ చేరేసరికి ఆయన కూతురికి సుమారు 8 ఏళ్ళు! పైగా జనాభా లెక్కల్లో మోరిసన్ కనబడేది అదే రాష్ట్రంలోని క్రిస్టియన్స్‌బర్గ్‌లో, మందుల షాపు గుమాస్తాగా. రెండూ పక్కపక్క ఊళ్ళు కావు. అవే లెక్కల్లో కొద్ది పేజీల తర్వాత ఇంకో డాక్టర్ పెప్పర్, 16 ఏళ్ళ కూతురు ఉన్నారని చూసినవాళ్ళు చెబుతారు. నా మొగ్గు అటే. అయినా ఇరుగుపొరుగున ఉన్నంత మాత్రాన ప్రేమ రుజువైనట్టు కాదు.

ఈ పేరు పెప్సిన్ (జీర్ణానికి తోడ్పడే ఎంజైము) నుంచి వచ్చిందన్న వాదనకి ఆధారం ఇంకా తక్కువ. "డాక్టర్" అని తగిలించడం మాత్రం మందుల షాపు సరుకుకి అప్పట్లో మామూలే.

మీ దగ్గర పాత సీసా ఉంటే, దాని మీద "డాక్టర్"కి పొట్టి రూపమైన "Dr" తర్వాత చుక్క ఉందేమో చూడండి. ఆ చుక్కని 1950ల్లో తీసేశారు.