రెండుసార్లు లసోటా వేసినా కోళ్లు ఎందుకు చచ్చాయి?

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మామిడితోటలో 250 వనరాజా జాతి కోడిపిల్లలు తెచ్చి పెంచుతున్నాను. ఏడో రోజు కంట్లో లసోటా టీకా చుక్క వేయించాను. మూడో వారంలో తెల్లగా పారి పదో పన్నెండో చచ్చాయి, తర్వాత దానంతటదే తగ్గింది. 28వ రోజు మళ్లీ లసోటా నల్లా నీళ్లలో కలిపి ఇచ్చాను. ఇప్పుడు తొమ్మిదో వారం. మెడలు తిప్పుకుంటూ, ఆకుపచ్చగా పారుతూ 60 దాకా పోయాయి. రెండుసార్లు వేసినా ఇలా ఎందుకైంది? మిగిలినవాటికి ఆర్‌టుబి వేయమంటారా?

జవాబు: ఆర్‌టుబి ఇప్పుడు వద్దు. అది కూడా లసోటాలాగే కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా వేసేదే, కానీ కాస్త ఘాటైన టీకా. ముందు వేసిన లసోటా సరిగా పట్టని కోడికి, వైరస్ అప్పటికే ఒంట్లో ఉన్న కోడికి వేస్తే నష్టమే ఎక్కువ. నలతగా ఉన్నవాటిని వేరు చేయండి. ఈ రోజు చచ్చిన రెండింటిని ఐస్‌లో పెట్టి పశువైద్యశాలకో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్లి కోయించండి. మీరు చెప్పిన లక్షణాలు కొక్కెర తెగులువే, అయినా కోసి చూస్తేనే ఖాయం. కందనకాయకు ముందున్న సంచి లోపల రక్తపు చుక్కలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ముడ్డికి పైన లోపలివైపు ఉండే బర్సా అనే చిన్న సంచిని కూడా చూడమని అడగండి. నా దృష్టంతా దానిమీదే ఉంది.

కోడిపిల్లలో క్రిముల్ని గుర్తుపట్టి ఎదుర్కొనే బి-కణాలకు బడి ఆ బర్సాయే. గుడ్డులో ఉండగానే కణాలు అక్కడికి చేరి, ఒక్కో కణం ఒక్కో రకం కొక్కెం తయారు చేసుకుంటుంది. ఆ కొక్కేనికి సరిపడే క్రిమి తగిలితేనే అది పనిలోకి దిగుతుంది. 1956లో బ్రూస్ గ్లిక్ బృందం బర్సా తీసేసిన కోళ్లలో యాంటీబాడీలు (క్రిమిని పట్టి అడ్డుకునే ప్రొటీన్లు) సరిగా తయారు కావని చూపింది. మనుషుల డాక్టర్లు చెప్పే బి-సెల్‌లోని 'బి' కూడా కోడి బర్సా నుంచి వచ్చిందే!

బడి దాటిన కణాలు ప్లీహంలో, కంటి వెనక ఉండే గ్రంథిలో కాచుకుని ఉంటాయి. కంట్లో చుక్క వేయమనేది అందుకే. లసోటా పడగానే దానికి సరిపడే కొక్కెం ఉన్న కొద్దిపాటి కణాలు లేచి, టి-కణాలనే మరో రకం రక్షణ కణాల సాయంతో వేలకు వేలుగా పెరుగుతాయి. పట్టు బాగా ఉన్నవి బతుకుతాయి, వదులుగా ఉన్నవి చస్తాయి. బతికినవాటిలో కొన్ని యాంటీబాడీలు వదులుతాయి, కొన్ని జ్ఞాపక కణాలుగా మారి మిగిలిపోతాయి. మొదటిసారి ఈ తంతుకు వారం దాకా పడుతుంది. అదే క్రిమి మళ్లీ వస్తే జ్ఞాపక కణాలు రెండు మూడు రోజుల్లోనే, ఇంకా ఎక్కువగా యాంటీబాడీలు తయారు చేయిస్తాయి.

ఏడో రోజు వేసిన చుక్క ఒక్కటే చాలదు. తల్లి గుడ్డులో కట్టిచ్చిన యాంటీబాడీల సద్దిమూట పిల్ల ఒంట్లో ఇంకా ఉండి, టీకా వైరస్‌లో కొంత భాగాన్ని అణచేస్తుంది. ఆ మూట నాలుగైదు రోజులకోసారి సగమవుతూ పోతుంది. అసలు చదువు 28వ రోజు డోసుతోనే వంటబడుతుంది.

మీ మందలో ఆ రోజుకు బడే సగం కూలిపోయి ఉంటుంది. మూడో వారంలో తెల్లగా పారి, కొన్ని చచ్చి, దానంతటదే తగ్గిందన్నారు కదా, అది గంబోరో అనే వైరస్ జబ్బు నడక. ఆ వైరస్ నేరుగా బర్సాలోని లేత బి-కణాలనే తింటుంది. బర్సా మొదట వాచి, వారం తిరిగేసరికి మూడో వంతుకు కుంచించుకుపోతుంది. బతికిన పిల్ల చక్కగా తింటూ తిరుగుతుంది, చూస్తే ఏ జబ్బూ ఉన్నట్టుండదు. అప్పుడు లసోటా ఇచ్చినా నేర్చుకునే కణాలు తక్కువే. గంబోరో ఎంత చిన్న వయసులో సోకితే నష్టం అంత ఎక్కువ. 14వ రోజు గంబోరో టీకా సంగతి మీరు రాయలేదు. వేయలేదనే అనుకుంటున్నాను.

నల్లా నీళ్లదీ ఇంకో తప్పు. క్లోరిన్ టీకా వైరస్‌ను చంపేస్తుంది. బోరునీళ్లో, కాచి చల్లార్చిన నీళ్లో వాడండి. లీటరుకు 5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలిపి, కోళ్లను గంట సేపు దాహంతో ఉంచి, కలిపిన నీళ్లు రెండు గంటల్లోపు తాగేలా పెట్టండి.

గంబోరో వైరస్ షెడ్డులో నెలల తరబడి బతుకుతుంది. మంద పూర్తయ్యాక పాత పొట్టు ఎత్తేసి, నేల గీకి కడిగి, మందు కొట్టి, కొన్ని వారాలు ఖాళీగా ఉంచండి. కొత్త పిల్లలకు 7వ రోజు లసోటా, 14వ రోజు గంబోరో, 28వ రోజు లసోటా, ఎనిమిదో వారం ఆర్‌టుబి వేయించండి. ఇప్పుడు చచ్చినవాటిని తోట కాలువలో పారేయకుండా, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.