దసరా సెలవుల్లో విజయనగరం: ఒక్కరోజులో ఏం చూడాలి?

ప్రశ్న: దసరా సెలవులకి విశాఖలో చుట్టాలింటికి వస్తున్నాం. ఒకరోజు విజయనగరం వెళ్లి పిల్లలకి కోట, పాత కట్టడాలు చూపించాలని ఉంది. మా అత్తగారికి డెబ్భై దాటాయి, ఎక్కువ నడవలేరు. ఏ వరసలో చూడమంటారు? రామతీర్థం కూడా కలపొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు తేదీ చూసుకోండి. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అంటే చివర పూజారి కూర్చున్న పెద్ద మానుని ఊరేగించే జాతర. ముందురోజు సోమవారం తొలేళ్ల ఉత్సవం. ఆ రెండురోజులూ చుట్టుపక్కల ఊళ్లన్నీ పట్నంలోనే ఉంటాయి. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఆటో కదలదు. సిరిమాను చూడ్డానికే వస్తే సరే గానీ, కోట చూడాలనుకుంటే ఆ రెండూ వదిలెయ్యండి.

విశాఖ నుంచి రైల్లో సుమారు గంట. పొద్దున్నే దిగితే స్టేషను దగ్గర్లోనే వనంగుడి ఉంది, అమ్మవారి దర్శనం చేసుకుని ఆటోలో నేరుగా కోటకి వెళ్లండి. కోట ముఖద్వారం నగారాఖానా తూర్పు వైపున ఉంది. ఉదయపు ఎండ ఎదురుగా పడి చెక్కడాలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటితే ద్వారం నీడలోకి వెళ్లిపోతుంది, ఫోటోలు నల్లగా వస్తాయి. రాజుగారి రాకనీ, ఆజ్ఞల్నీ ఈ ద్వారం మీంచే నగారా మోగించి చాటేవారు.

విజయనగరం రాజులైన పూసపాటి వారు కుమిలి నుంచి రాజధాని మార్చి, 1713లో ఈ కోటకి శంకుస్థాపన చేశారు. ఐదు 'విజయాలు' కలిసిన ముహూర్తమని స్థానికంగా చెప్పుకుంటారు: విజయరామరాజు పేరు, విజయనామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, ఊరికి పెట్టిన విజయనగరం పేరు. పెద్ద పిల్లలుంటే సంవత్సరం లెక్క వాళ్లనే వెయ్యమనండి. 2013 ఉగాదితో మొదలైంది విజయనామ సంవత్సరమే. మన సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి, అందులోంచి ఐదు అరవైలు తీసేస్తే సరిగ్గా 1713 వస్తుంది.

కోట నలుచదరం. ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడ ఎత్తు 30 అడుగులు. చుట్టూ తిరిగితే కిలోమీటరుకి కాస్త తక్కువ. మీ అత్తగారిని నగారాఖానా దగ్గర నీడలో కూర్చోబెట్టి, మీరూ పిల్లలూ తిరిగి రండి. లోపల ఉన్నవి మాన్సాస్ ట్రస్టు కాలేజీలు. ఈ ట్రస్టుని పి.వి.జి. రాజు 1958లో పెట్టారు. చాలామంది దీన్ని మ్యూజియం అనుకుని వచ్చి, గదులు మూసి ఉన్నాయని నిరాశపడతారు. గేటు దగ్గర కాపలావారిని అడిగి, పోనిచ్చినంత వరకే వెళ్లండి. గోడలు, బురుజులు, ద్వారాలు బయటినుంచి చూసినా తృప్తిగా ఉంటుంది.

కోట దగ్గరి బొంకులదిబ్బ మాత్రం వదలొద్దు. చూడ్డానికి మామూలు బజారే. కన్యాశుల్కం నాటకం తెర లేచేది అక్కడే. 1892లో ఆ నాటకాన్ని మొదట ఆడింది కూడా ఈ ఊళ్లోనే. అక్కణ్ణుంచి గురజాడ ఇంటికి వెళ్తే పిల్లలకి రెండూ ముడిపడతాయి. ఆయన వాడిన వస్తువులు ఆ ఇంట్లో భద్రపరిచారు. సెలవురోజు తలుపు వేసి ఉండొచ్చు, కాబట్టి ముందురోజే ఫోన్లో కనుక్కోండి. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల చదివింది అక్కడే. దసరాకి తరగతులుండవు గనక, ఆ దారిన వెళ్తూ భవనం చూపిస్తే చాలు.

భోజనం, ఎండ తగ్గేదాకా విశ్రాంతి. నాలుగు తర్వాత గంటస్తంభం: 1885 నాటిది, ఇసుకరాయి కట్టడం, 68 అడుగులు, ఎనిమిది పలకలు. చుట్టూ బజారు కాబట్టి ఆటో కాస్త ముందే దిగాలి. అక్టోబరులో ఈ వైపు తుపానులు మామూలే, గొడుగులు మర్చిపోకండి.

రామతీర్థం కలపకండి. పన్నెండు కిలోమీటర్లే గానీ, అక్కడ రామాలయంతో పాటు గురుభక్తుల కొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయి. ఎక్కి దిగడానికే ఒక పూట పడుతుంది. గుడి ఒక్కటే చూసి వచ్చేస్తే సగం చూసినట్టే.

ప్రశ్న: పైడితల్లికి రెండు గుళ్లు ఎందుకు? సిరిమాను కోట దాకా ఎందుకెళ్తుంది?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: పైడిమాంబ విజయరామరాజు చెల్లెలని ఐతిహ్యం. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ తర్వాత కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు రాజుని ఆయన గుడారంలో చంపాడు. అన్న పోయాక ఆమె అమ్మవారిలో ఐక్యమైందనీ, విగ్రహం పెద్దచెరువులో దొరికిందనీ చెబుతారు. స్టేషను దగ్గరిది వనంగుడి, మూడు లాంతర్ల దగ్గరిది చదురుగుడి. ఆడపడుచు పుట్టింటికి వచ్చినట్టు సిరిమాను చదురుగుడి నుంచి కోటకి మూడుసార్లు వెళ్లొస్తుంది. రాజకుటుంబం బురుజు మీంచి చూస్తుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఉంటాయి. మాను చివర పూజారి కూర్చుంటారు. దగ్గరగా చూడాలంటే మధ్యాహ్నానికే చోటు పట్టుకోవాలి, పసిపిల్లలతో మాత్రం ఆ తోపులాటలోకి వెళ్లొద్దు.

ప్రశ్న: పద్మనాభం యుద్ధం జరిగిన చోటు దగ్గరేనా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: భీమిలి వెళ్లే వైపు ఉంది. 1794 జులై 10న చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి అక్కడే నేలకొరిగారు. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, వెయ్యికి పైగా మెట్లు. పొద్దు ఎక్కకముందే మెట్లెక్కండి, నీళ్లు కిందనే నింపుకోండి.