థెరమిన్‌ని వాయించాలా, మోగించాలా, ఆడాలా?

సందేహం: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఎనిమిదో తరగతి చదివే మా మనవడు రోజూ సాయంత్రం ఫోనులో థెరమిన్ అనే వాద్యం తెరిచి, తెర మీద వేలు అటూ ఇటూ జరుపుతాడు. దాంట్లోంచి సాగదీసిన ఏడుపులాంటి కూత వస్తుంది. "ఏట్రా ఆ రొద, దీపాలెట్టే యేళ దెయ్యాలు ఏడ్సినట్టు!" అని మా ఇంటిది కసురుతుంది. "థెరమిన్ ఆడతన్నాను నాయనమ్మా" అంటాడు వాడు. ఆడడం కాదు, వాయించడం అని నేను దిద్దాను. పక్కింటి ఒడియా ఆయన "మాకు అన్నిటికీ బజాఇబా ఒక్కటే, గొడవే లేదు" అని నవ్వారు. ఫోనులోది కాక అసలైన థెరమిన్‌ని చేత్తో ముట్టుకోనే ముట్టుకోరని మనవడు అంటాడు. ముట్టుకోనిదాన్ని వాయించడమేమిటని నాకే అనుమానం పట్టుకుంది. తేల్చండి. (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

సమాధానం: మాస్టారుకు మాస్టారు ప్రశ్న వేస్తే ఇలాగే ఉంటుంది. ముందు ఆ పెట్టె సంగతి చూద్దాం. అక్కడ చెయ్యి చేసే పనేమిటో తెలియకుండా క్రియ తేలదు.

1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ తెర్మెన్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. 1928లో అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నాడు. పెట్టెకు ఒకవైపు నిలువుగా లోహపు కడ్డీ, రెండోవైపు అడ్డంగా ఒక వంకీ ఉంటాయి. కడ్డీ దగ్గరికి చెయ్యి తెస్తే స్వరం పైకి పోతుంది, దూరం జరిపితే దిగుతుంది. వంకీ దగ్గరికి రెండో చెయ్యి తెస్తే శబ్దం అణగుతుంది, ఎత్తితే పెరుగుతుంది. లోపల మన చెవికి అందనంత వేగంగా కంపించే రెండు రేడియో డోలనాలు నడుస్తుంటాయి. ఒకటి స్థిరం. రెండోదాని వేగం మాత్రం కడ్డీకీ చేతికీ మధ్య ఉన్న దూరాన్ని బట్టి మారుతుంది, ఎందుకంటే మన ఒళ్ళే ఆ సర్క్యూట్లో కండెన్సరు (విద్యుదావేశాన్ని నిలవచేసే భాగం) రేకులా పనిచేస్తుంది. ఆ రెండింటి తేడాయే మనకు వినబడే స్వరం. అంటే మీ మనవడు చెప్పింది నిజమే, ముట్టుకోరు.

ఇప్పుడు మన మాటలకు వద్దాం. తెలుగులో వాద్యానికి క్రియ చేతి పనినో నోటి పనినో బట్టి పుడుతుంది. తీగ ఉంటే మీటుతాం. సన్నాయి ఊదుతాం. డప్పు కొడతాం. తాళం వేస్తాం. శంఖం ఊదుతాం, కావ్యాల్లో అయితే పూరిస్తాం. రేడియోకు ఇవేవీ కుదరక "రేడియో పెట్టు" అన్నాం, తర్వాత టేపూ పెట్టాం, ఇప్పుడు ఫోనులో పాటా పెడుతున్నాం. థెరమిన్ పుట్టుకలో రేడియోకు చుట్టమే అయినా దానికి "పెట్టు" నప్పదు. రేడియో పెట్టి మనం వక్క నములుతూ కూర్చోవచ్చు. దీని ముందు నుంచి చెయ్యి తీస్తే పాట ఉండదు.

నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు జాతులుగా విడదీసింది. తతం తీగలది, సుషిరం గాలిది, అవనద్ధం తోలుది, ఘనం కంచు తాళాల వంటిది. థెరమిన్‌లో తీగా లేదు, ఊపిరీ లేదు, తోలూ లేదు, కంచూ లేదు. అందుకే మీటు, ఊదు, కొట్టు మూడూ దాని దగ్గర చేతులెత్తేస్తాయి. "మోగించు" గంటకూ నగారాకూ బాగుంటుంది. మోతలో ఒక దెబ్బ ఉంది, ఈ సాగుడు కూతకు ఆ దెబ్బ లేదు.

మిగిలింది "వాయించు". ఇది వాద్యం అన్న మాటకు దగ్గరి బంధువు. ఒడియా బజాఇబా, హిందీ బజానా కూడా ఆ సంస్కృత కుదురు నుంచే వచ్చాయి. కాబట్టి పక్కింటాయన నవ్వు న్యాయమే, మన వాయించుకూ అంత వైశాల్యం ఉంది. ఫిడేలుకు కమాను రాసినా, హార్మోనియం మెట్లు నొక్కినా, మృదంగం మీద వేళ్ళాడినా వాయించడమే. (వీపుకూ అదే మాట వాడతాం, మీ బళ్ళో మీరూ వాడే ఉంటారు.) ముట్టుకోవడం ఆ మాటలో షరతు కాదు. "థెరమిన్ వాయిస్తున్నాడు" అనడంలో తప్పేమీ లేదు.

అయినా నన్నడిగితే "పలికించు" అంటాను. వీణ పలికించాడంటాం, గొంతులో కరుణ పలికించిందంటాం. వీణకున్న 24 మెట్ల లాంటివి దీనికి లేవు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూనే పోవాలి. మన సంగీతంలో జారు అనే గమకం అదే. మీ వైపు జముకు అనే వాద్యం పలికిస్తూ చెప్పే జముకుల కథ విని ఉంటారు. తోలు మధ్య నుంచి వచ్చే నరాన్ని బిగలాగుతూ, సడలిస్తూ మీటితే స్వరం మూలుగులా పైకీ కిందికీ జారుతుంది. మనిషి గొంతుకు దగ్గరగా వచ్చే ఆ జారుడే థెరమిన్‌లోనూ ఉంది. అందుకే పలికించు.

ఇక మీ మనవడి "ఆడతన్నాను". ఇంగ్లీషులో ఆటకూ వాద్యానికీ ఒకే క్రియ, అక్కడి నుంచి జారిపడింది. "వీణ ఆడుతున్నాడు" అనలేనట్టే "థెరమిన్ ఆడుతున్నాడు" అనలేం. కానీ వాడి మాటకు కాస్త "తో" తగిలించి, చివర "కొను" చేర్చి చూడండి: "థెరమిన్‌తో ఆడుకుంటున్నాను". ఇప్పుడు నిక్షేపంలాంటి తెలుగు. పైగా వాడు చేస్తున్నది అచ్చం అదే. థెరమిన్ విద్వాంసురాలు క్లారా రాక్‌మోర్ 105వ పుట్టినరోజుకు, 2016 మార్చి 9న, గూగుల్ తన మొదటి పేజీలో పెట్టింది కూడా ఇలా ఆడుకునే థెరమినే. క్లారా కచేరీలో పలికించింది, మనవాడు ఫోనులో ఆడుకుంటున్నాడు. ఇంకో తమాషా ఉంది. ఆడు అంటే కదులు అని కూడా కదా, ఊపిరాడదు, చెయ్యాడదు అంటాం. థెరమిన్ దగ్గర ఆడేది చెయ్యి, పలికేది పెట్టె.

ఈ శబ్దానికి పత్రికల్లో "భయానకం" అని రాస్తున్నారు. అది పులికీ పిడుగుకూ సరిపోతుంది. 1945 నుంచి హాలీవుడ్ సినిమాల్లో మతి చెదరడానికీ, 1951లో గ్రహాంతరవాసి రాకకూ ఈ కూతనే వాడారు. అక్కడ ప్రేక్షకుడికి కలిగేది పరుగెత్తించే భయం కాదు, ఒళ్ళు జలదరించి లోపల మిగిలిపోయేది. దానికి మన వైపు మాట ఉండనే ఉంది: జడుపు. పిల్లవాడు చీకట్లో జడుసుకున్నాడంటాం, జడుపు జ్వరమంటాం. "జడుపు గొలిపే నాదం" అని రాయండి, బాగుంటుంది. నిఘంటువు కంటే ముందు నోటి మాట వినమన్న గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి వెళ్ళారు గానీ, జడుపు వంటి మాటలు మీ ఇళ్ళలోనే ఉండిపోయాయి.

మీ ఇంటావిడ అన్న "రొద"లో నేను దిద్దేదేమీ లేదు. తెంపు లేకుండా చెవిని తొలిచేదే రొద. దానికి వేరే ఉపాయం ఉంది. చాలా ఫోను థెరమిన్లలో వేలు అడ్డంగా జరిపితే స్వరం, నిలువుగా జరిపితే ధ్వని మారతాయి. దీపాలు పెట్టేవేళ వేలు కాస్త తెర అడుగుకు దించి ఆడుకోమనండి.