ఇంటర్నేషనల్ స్కూల్ సీటు: ముందు 12వ తరగతి గురించి అడగండి

ప్రశ్న: మేం కొండాపూర్‌లో ఉంటాం. పాప సీబీఎస్‌ఈలో 7వ తరగతి పూర్తి చేస్తోంది, డాక్టర్ అవుతానంటోంది. దగ్గర్లోని ఇంటర్నేషనల్ స్కూల్లో 8వ తరగతిలో సీటు ఉందట. ఏడాదికి 6 లక్షలు. ఈ వారంలోగా అడ్వాన్స్ కట్టమంటున్నారు. విదేశీ బోర్డుల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) మంచిదా, కేంబ్రిడ్జ్ మంచిదా తెలియక టెన్షన్‌గా ఉంది. చేర్చమంటారా?

జవాబు: ఈ వారం మాత్రం కట్టకండి. సీటు పోతుందన్న భయంతో కట్టేసి, ఆ డబ్బు వెనక్కి రాక బాధపడిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

పేరులో ‘ఇంటర్నేషనల్’ ఉన్నా సీబీఎస్‌ఈ సిలబస్సే చెప్పే స్కూళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అందుకే పాప 10, 12 తరగతుల్లో ఏ బోర్డు పరీక్ష రాస్తుందో ముందు అడగండి. ఐబీ అని చెబితే, స్కూలు చిన్న తరగతుల పీవైపీకి, మధ్య తరగతుల ఎంవైపీకి, 11, 12 తరగతుల డిప్లొమాకి విడివిడిగా గుర్తింపు తెచ్చుకోవాలి. ఒకటి ఉంటే మిగతావీ ఉన్నట్టు కాదు. ‘క్యాండిడేట్ స్కూల్’ అంటే గుర్తింపు ఇంకా రాలేదని అర్థం. ఐబీ వెబ్‌సైట్‌లో స్కూలు పేరు కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక పాప కోరిక సంగతి. మీరు అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది ఇదే. నీట్ రాయాలంటే 12వ తరగతిలో ఇంగ్లిష్‌తో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ చదివి ఉండాలి. ఐబీ డిప్లొమాలో 6 సబ్జెక్టులు ఉంటాయి: రెండు భాషలు, ఒక సోషల్ సబ్జెక్టు, ఒక సైన్స్, గణితం, ఒక ఆర్ట్స్ సబ్జెక్టు. ఆర్ట్స్ వదులుకుని రెండో సైన్స్ తీసుకోవచ్చు. మూడోది మామూలుగా కుదరదు. దానికి స్కూలు ఐబీ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. అలా అనుమతి తెచ్చుకుని మూడు సైన్సులూ చదివిన పిల్లలు ఆ స్కూల్లో ఎంతమంది ఉన్నారో అడగండి. ‘అప్పటికి చూద్దాం లెండి’ అంటే లేరనే అనుకోండి. పైగా డిప్లొమాలో 4,000 పదాల వ్యాసం కూడా రాయాలి. ఆ రెండేళ్లలోనే నీట్ కోచింగ్ కూడా అంటే పిల్లకు ఊపిరాడదు. విదేశాల్లో డిగ్రీ చదివించే ఆలోచన ఉంటే, ప్రశ్నలు వేస్తూ, రాస్తూ నేర్చుకునే పిల్లకు ఐబీ నిజంగా మంచి చదువు. నీట్ దారికి మాత్రం నేను సలహా ఇవ్వను.

కేంబ్రిడ్జ్‌లో ఆ ఇబ్బంది తక్కువ. 11, 12 తరగతుల్లో చదివే ఎ లెవెల్స్‌లో మూడు సైన్సులూ తీసుకోవచ్చు. కానీ 10వ తరగతిలో రాసే ఐజీసీఎస్‌ఈలోనే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడి సబ్జెక్టులుగా చెబుతారా, కలిపి ఒకే సైన్స్‌గా చెబుతారా కనుక్కోండి. విడివిడిగా ఉంటేనే ముందుకు సులువు. గణితంలో రెండు స్థాయిలుంటాయి. ‘ఎక్స్‌టెండెడ్’ తీసుకోవాలి, ‘కోర్’లో ‘సి’ని మించిన గ్రేడ్ రాదు. పరీక్ష ఎప్పుడు పెడతారో కూడా అడగండి. మార్చిలో రాస్తే ఫలితాలు మేలో వస్తాయి. మే, జూన్‌లలో రాస్తే ఆగస్టు దాకా రావు. ఐజీసీఎస్‌ఈ తర్వాత ఇంటర్‌కి మారాలనుకుంటే ఆ మూడు నెలలు చాలా ముఖ్యం, ఆగస్టుకే కాలేజీల్లో క్లాసులు మొదలైపోతాయి.

ఫీజు కూడా ఈ ఏడాదికే చూసి ఊరుకోకండి. 6 లక్షలు ఏటా 10 శాతం పెరిగితే, 12వ తరగతి పూర్తయ్యేసరికి అయిదేళ్లకు దాదాపు 36 లక్షల 60 వేలు అవుతుంది. బస్సు, పరీక్ష ఫీజు, ట్రిప్పులు దీనికి అదనం. ఫీజు ఎంత పెంచుతారో, చేరకపోతే అడ్వాన్స్ తిరిగిస్తారో లేదో కాగితం మీద రాసివ్వమనండి.

తెలుగు ఎవరు చెబుతారో కూడా అడగండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా 10వ తరగతి వరకు తెలుగు చెప్పాల్సిందే.

అప్లికేషన్‌కి మామూలుగా గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడుగుతారు. టీసీ చేరేటప్పుడు ఇస్తే చాలు. సీటు ఖాయమయ్యేదాకా ఇప్పటి స్కూల్లో టీసీ తీసుకోకండి. కొన్ని స్కూళ్లు క్యాట్4 అనే పరీక్ష పెడతాయి. అది ఆలోచనా శక్తిని చూసే పరీక్ష, బట్టీ పట్టేది కాదు, కోచింగ్ అక్కర్లేదు. పాపను ఒక రోజు ఆ స్కూల్లో క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. ఇంటికొచ్చాక ఎలా ఉందో తనే చెబుతుంది, ఆ తర్వాతే డబ్బు సంగతి చూడండి.