ఫోన్ నంబర్ లేని మనుషులు

అమ్మాయికి,

నీ కథ అందింది. చదివి పక్కన పెట్టి, మర్నాడు తీరిగ్గా మళ్ళీ చదివాను. ఉత్తరంలో నువ్వడిగిన మొదటి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. "కరోనా రోజుల కథలు ఇప్పుడెవరు చదువుతారు మాస్టారూ, అందరూ ఆ సంగతి మర్చిపోవాలనే చూస్తున్నారు కదా" అన్నావు. మర్చిపోవాలని చూస్తున్నారు కాబట్టే రాయాలి. అప్పట్లో వచ్చిన కథల్లో చాలావరకు భయంలో రాసినవి. భయంలో ఉన్న మనిషికి చావు ఒక్కటే కనిపిస్తుంది, మిగతావి కనిపించవు. ఇప్పుడు మనకి కాస్త ఎడం దొరికింది. ఇంకో పదేళ్ళు ఆగితే వివరాలు పోతాయి. ఏది ఎప్పుడు మూశారో, కూరగాయలు ఎన్ని గంటల లోపల తెచ్చుకోవాల్సి వచ్చేదో మనకే గుర్తుండదు. అందుకని రాయి. ఆ విషయంలో అనుమానం పెట్టుకోకు.

ఇక కథ సంగతి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి లాక్‌డౌన్ రాగానే హాస్టల్ ఖాళీ చేసి ఖమ్మం దగ్గర ఊరికి వెళ్ళిపోవడం, అక్కడ డాబా మీద సిగ్నల్ కోసం తిరగడం, ఇవన్నీ బాగా వచ్చాయి. నీకు చూపు ఉంది. కానీ ఆ పిల్ల తను పోగొట్టుకున్నవాటిని తలుచుకునే మూడో పేజీ దగ్గర కథ చల్లబడిపోయింది. సినిమా హాలు, పానీపూరీ, ట్యాంక్‌బండ్, ఆఫీసు కాఫీ, శనివారం షాపింగ్. పేజీ నిండా పేర్లే. చదివేవాళ్ళు "అవును, నాకూ అంతే" అనుకుని ముందుకి వెళ్ళిపోతారు. మనసు ఎక్కడా ఆగదు.

నీ పేజీ ముందు పెట్టుకుని ఒక్క ప్రశ్న వేసుకో: వీటిలో ఫోన్ తీర్చలేనిది ఏది? ఆ రోజుల్లో సినిమా ఫోన్‌లోకి వచ్చేసింది. ఆఫీసు వచ్చింది, క్లాసులు వచ్చాయి, అమెరికాలో ఉన్న అన్నయ్య ముందుకంటే ఎక్కువసార్లు వీడియోలో కనిపించాడు. స్నేహితులు రాత్రిళ్ళు కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకున్నారు. మరి ఏం లేదని జనం అంత బెంగపడ్డారు? నా ఉద్దేశంలో, మనకి బాగా తెలిసి కూడా నంబర్ లేని మనుషులు లేకుండా పోయారు. అలాంటివాళ్ళు రోజూ మన కళ్ళ ముందుంటారు, పేరు కూడా తెలియదు. వాళ్ళని కలవడానికి ఉన్న ఒకే దారి ఆ వేళకి ఆ చోట ఉండడం. ఆ చోటు మూతపడితే ఇక దారి లేదు. నీ కథ అక్కడ ఉందని నాకు అనిపిస్తోంది.

దీనికి నీ కథలోనే ఆధారం ఉంది, నువ్వే దాన్ని దాటేశావు. ఆగస్టులో ఆ అమ్మాయి సామాన్ల కోసం హైదరాబాద్ వచ్చి, జిల్లా బస్సు దిగి సిటీ బస్సు ఎక్కుతుంది. ఎక్కలేదమ్మా. తెలంగాణలో జిల్లాల బస్సులు 2020 మే 19 నుంచే తిరిగాయి గానీ, మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు ఆగిన సిటీ బస్సు సెప్టెంబరు చివరి వారం దాకా కదల్లేదు. మెట్రో సెప్టెంబరు 7న మొదలైంది. ఊళ్ళో తిరిగే లోకల్ రైలు, ఎంఎంటీఎస్ అయితే 2021 జూన్ దాకా లేనే లేదు. ఇలాంటి తేదీలు సరిచూసుకోవడం పత్రికా విలేకరి పని అనుకోకు, కథకుడి పని కూడా. తేదీ సరిగ్గా పెట్టుకుంటే కథ తనంతట తానే దారి చూపిస్తుంది. బస్సు లేదు అనుకో, ఆ పిల్ల ఏం చేస్తుంది? ఆటోవాడితో బేరమాడుతుంది. దారిలో స్టేషన్ మీదుగా వెళ్తుంది. గేటుకి తాళం ఉంటుంది. అప్పుడు గుర్తొస్తారు తనకి, ఆ రైల్లో రోజూ కలిసినవాళ్ళు.

లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్ళే ఆ రైల్లో ఆడవాళ్ళ పెట్టె నువ్వు చూసే ఉంటావు. ఒకే వేళకి, దాదాపు ఒకే సీట్లలో, అవే ముఖాలు. ఒకావిడ కవర్లో చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీసుకుంటూ ఉంటుంది. పక్కనున్నావిడ అడక్కుండానే కాసిని తన ఒళ్ళోకి తీసుకుని తనూ తీసిపెడుతుంది. "మీవాడికి జ్వరం తగ్గిందా?" "మీ అత్తగారు వెళ్ళిపోయారా?" అన్నీ తెలుసు. పేరు తెలియదు. "బేగంపేటలో ఎక్కే ఆవిడ", అంతే. ఇంట్లో చెప్పుకోలేనివి కూడా ఆవిడకి చెప్పుకునేవాళ్ళున్నారు, ఎందుకంటే ఆ మాట రైలు దిగి ఎక్కడికీ పోదు. పదిహేను నెలలు ఆ పెట్టె లేదు. మళ్ళీ రైలు మొదలైన రోజు నీ కథలో అమ్మాయి ఎక్కింది, ఆవిడ ఎక్కలేదు. ఉద్యోగం పోయిందా, ఇల్లు మారారా, సెకండ్ వేవ్‌లో ఏమైనా అయిందా? ఎవర్నని అడుగుతుంది? ఏమని అడుగుతుంది? ఆ పేజీ నువ్వు రాస్తే, పానీపూరీ బండి గురించి రాయకపోయినా ఫరవాలేదు. రాసినా బాగానే ఉంటుంది, చివర్లో ఊరికే ఇచ్చే ఆ ఒక్క సుఖా పూరీ చేతిలో పెట్టేవాడి ముఖం నువ్వు చూసి ఉంటే.

అదే లింగంపల్లి స్టేషన్ నుంచి 2020 మే 1న, తెల్లవారకముందే, దేశంలో మొదటి వలస కార్మికుల ప్రత్యేక రైలు జార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది. సుమారు పన్నెండు వందల మంది వెళ్ళారు. ఒకే స్టేషన్ చూడు. నీ కథలో అమ్మాయికి రోజువారీ రైలు లేదన్న బెంగ. వాళ్ళకి కూలి లేదు, తిండికి హామీ లేదు, ఇల్లు వెయ్యి కిలోమీటర్ల పైన ఉంది. ఇది చెప్పి నీ పాత్ర చేత సిగ్గుపడించమని నేననడం లేదు. చాలామంది యువ రచయితలు ఆ పని చేస్తారు. పై తరగతి పాత్ర చేత ఒక పశ్చాత్తాప వాక్యం అనిపించి చేతులు దులుపుకుంటారు. అది వద్దు. హాస్టల్లో గదులు ఊడ్చే మనిషి ఆ మూడు నెలలు ఏం చేసిందో కనుక్కో. కనుక్కోకుండా ఆమె కన్నీళ్ళు రాయొద్దు. అంతే నేను చెప్పేది.

ఇంకొకటి నీ కథలో ఉండి తీరాల్సినది. ఆ పిల్ల ఇంటికి వెళ్ళింది, అమ్మ చేతి వంట తిన్నది, అమ్మ సంతోషించింది అని రాశావు. సంతోషించే ఉంటుంది. కానీ ఆ తల్లి వైపు నుంచి ఒకసారి ఆలోచించు. అంతకుముందు పొద్దున పది దాటాక ఆ ఇల్లు ఆమెది. భర్త బడికో ఆఫీసుకో వెళ్ళాక, గిన్నెలు బోర్లించి, రెండో కాఫీ పెట్టుకుని, సీరియల్ రిపీట్ చూస్తూనో, ఏమీ చూడకుండానో కూర్చునే గంట ఒకటుండేది. లాక్‌డౌన్‌లో ఆ గంట పోయింది. నాలుగు పూటలా వంట. ఒకరికి మీటింగ్, ఒకరికి క్లాసు, మిక్సీ వేస్తే "ష్" అంటారు. తన ఇంట్లో తనే చప్పుడు చెయ్యకుండా తిరిగింది. ఆ గంట పోయిందని ఆమె ఎవరితోనూ అనదు, అంటే పిల్లలొచ్చారని విసుక్కుంటోందని అనుకుంటారని భయం. జనం బయటకి చెప్పుకున్న లోట్లు కొన్నే. చెప్పుకోలేనివి వెతుకు.

మీది ఖమ్మం వైపు కాబట్టి భద్రాచలం రాకుండా ఉండదు. ఆ ఏడు ఉగాది నాడే దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది, మార్చి 25. ఏప్రిల్ 2న సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా చేశారు, జనం టీవీలో చూశారు. నువ్వు దాన్ని "ఖాళీ మండపం" అని ఒక వాక్యంలో తేల్చేశావు. ఖాళీ మండపం ఫొటో పేపర్లో వచ్చింది, మళ్ళీ మనం చూపించనక్కర్లేదు. తూర్పుగోదావరిలో కోరుకొండ వైపు, ఆ కల్యాణానికని వడ్లు గోటితో ఒలిచి తలంబ్రాలు సిద్ధం చేసేవాళ్ళున్నారు. రోకలి ఆనకూడదు, ఒక్కో గింజ ఒలవాలి. అలా ఒలిచిన చేతులకి, ఆ ఏడు టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎలా ఉండి ఉంటుంది? ఎదురుగా తలంబ్రాలు పోస్తున్నారు, మండపం దగ్గర తను లేదు. పక్కన నిలబడి "అవి మావేనమ్మా" అని చెప్పుకోవడానికి తెలియని మనిషి ఒకరు కూడా లేరు. తెలియని మనిషికి చెప్పుకోవడంలో ఒక గొప్ప ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి చెప్తే అది రాదు.

వాసన తెలియకపోవడం గురించి నువ్వు రాసిన రెండు వాక్యాలు నాకు చాలా నచ్చాయి. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ మూత పెట్టేసే తండ్రి. వాటిని ముట్టుకోకు.

ఇప్పుడు కథ చివర్లో వచ్చే తాతగారి చావు గురించి. ఇది కొంచెం ఎక్కువగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

2020 ఏప్రిల్‌లో మా మేనమామ పోయాడు. కరోనా కాదు, గుండె. అంత్యక్రియలకి ఇరవై మందికి మించకూడదని నిబంధన. మనవైపు పెళ్ళికి పిలవాలి, బొట్టు పెట్టి శుభలేఖ ఇవ్వాలి. చావుకి పిలుపు ఉండదు. కబురు చెవిన పడితే చాలు, చేతిలో పని వదిలేసి వస్తారు. ఏళ్ళ తరబడి మాటల్లేని దాయాది కూడా వస్తాడు. ఆ రోజు మా బావ కాగితం తీసుకుని పేర్లు రాయాల్సి వచ్చింది. పిలుపే లేని చోట జాబితా రాయడం ఎలాంటిదో ఆలోచించు. రక్తబంధువులతోనే ఇరవై దాటిపోయింది. మామయ్యతో రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పేపరు చెరో సగం పంచుకుని చదివే పక్క ఊరి ఆయన ఒకరున్నారు. ఆయన పేరు ఆ కాగితం మీదకి రాలేదు. అప్పటికే ఊరి మొదట్లో కర్రలు అడ్డం కట్టి బయటివాళ్ళని రానివ్వడం లేదు. ఆయన వచ్చి, ఆ కర్రల అవతల నిలబడి, అంతా అయిపోయేదాకా ఉండి వెళ్ళారని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. మా బావకి ఆ సంగతి ఇప్పటికీ మనసులో ఉంది.

పరామర్శలన్నీ ఫోన్‌లో జరిగాయి. అత్తయ్య ఫోన్ తీసేది, అవతలివాళ్ళు ఏదో ఒకటి మాట్లాడేవాళ్ళు. మామూలుగా పరామర్శకి వచ్చినవాళ్ళు పెద్దగా మాట్లాడరు. వచ్చి చాప మీద కూర్చుంటారు. చెయ్యి పట్టుకుంటారు. "ఏమైనా తిన్నావా" అని ఒక మాట. పోయేటప్పుడు వెళ్ళొస్తామని కూడా చెప్పరు, లేచి వెళ్ళిపోతారు. ఫోన్‌లో ఊరికే కూర్చోవడం కుదరదు. ఒక్క నిమిషం మాట ఆగితే "హలో, వినిపిస్తోందా" అంటారు. అత్తయ్యే వాళ్ళకి ధైర్యం చెప్పి పెట్టేసేది. మనిషి పక్కన మాట లేకుండా కూర్చునే వీలు పోవడం కంటే పెద్ద లోటు ఆ రెండేళ్ళలో నేను చూడలేదు.

నీ కథలో తాతగారి చావు నాలుగు పేరాలుంది. అందులో "మహమ్మారి విలయతాండవం", "కంటికి కనిపించని శత్రువు", "మృత్యువు కోరలు చాచింది" అన్నీ ఉన్నాయి. అవి కొట్టేసెయ్. అప్పుడు రోజూ టీవీలో విన్న మాటలవి, వాటికి ఇప్పుడు చెవి పలకదు. కాగితం మీద పేర్లు ఎవరు రాశారు, ఎవరి పేరు రాశాక కొట్టేశారు, అది చెప్పు. నువ్వు ఏడిపించనక్కర్లేదు.

మనుషుల్ని అడిగి రాస్తానన్నావు, మంచిదే. అయితే "ఆ రోజుల్లో మీరు ఏం కోల్పోయారు" అని అడగొద్దు. అలా అడిగితే ఎవరైనా పేపర్లో చదివినదే చెప్తారు. పొద్దున ఎన్నింటికి లేచేవారు, గుమ్మం దాటాక ముందు ఎవరు ఎదురయ్యేవారు, టీ ఎక్కడ తాగేవారు, అక్కడ ఎవరుండేవారు, ఇలా గంట గంటకీ అడుగుతూ వెళ్ళు. ఎక్కడో ఒకచోట వాళ్ళ గొంతు మారుతుంది. శాఖా గ్రంథాలయంలో పేపరు చదవడానికి వచ్చే పెద్దాయన్ని ఒకర్ని అడిగితే లైబ్రరీ గురించి ఏమీ చెప్పలేదు, గేటు దగ్గర సైకిల్ పెట్టేటప్పుడు పలకరించే చెప్పులు కుట్టే మనిషి గురించి చెప్పారు. గొంతు మారిన చోట పెన్ను ఆపి వినాలి. అప్పుడు రాసుకుంటూ కూర్చోవద్దు.

ముగింపు నాకు ఒప్పుదల కాలేదు. లాక్‌డౌన్ ఎత్తేసిన రోజు ఆ అమ్మాయి స్నేహితుల్ని వాటేసుకుంటుంది, అందరూ నవ్వుతారు. అలాంటి రోజు ఒకటి రాలేదు కదా. 2020 జూన్‌లో కొన్ని తెరిచారు, ఇంకొన్ని తర్వాత తెరిచారు, 2021 వేసవిలో మళ్ళీ మూశారు. కొన్ని దుకాణాలు తెరవనే లేదు. ఎప్పుడు అయిపోయిందో ఎవరూ చెప్పలేకపోవడమే అందులోని బరువు. కాబట్టి ఆ కౌగిలింత తీసేసి, తాతగారి తర్వాత ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపు. మిగిలిపోయిందని పాఠకుడికి అనిపించినా సరే.

తిరగరాసేటప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టకు. ముందు ఆ ఆడవాళ్ళ పెట్టె రాసి నాకు పంపు, రెండు పేజీలు చాలు. మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం. మీ అమ్మగారిని, పొద్దున పది దాటాక ఉండే ఆ గంట సంగతి ఒకసారి అడుగు. కథలో పెట్టినా పెట్టకపోయినా అడుగు.

ఆశీస్సులతో,
మాస్టారు