గిజిగాని గూళ్లున్న చెట్టును కొట్టవచ్చా?

ప్రశ్న: జొన్న వేశాను. కంకి పాలు పోసుకుంటోంది. గట్టు మీది ఈత చెట్టు నిండా గిజిగాని గూళ్లున్నాయి, పిట్టలు గుంపులుగా కంకుల మీద పడుతున్నాయి. చెట్టు కొట్టేద్దామంటే చట్టం ఒప్పుకోదని కొందరు, సొంత చెట్టుకు అడ్డేమిటని కొందరు అంటున్నారు. పక్షుల సర్వే చేస్తామని ఇద్దరు యువకులు కూడా అడుగుతున్నారు. రానివ్వవచ్చా?

జవాబు: ఇప్పుడు ఆ చెట్టు జోలికి వెళ్లకండి. చెట్టు మీదే, కానీ అందులోని గూళ్లకు, గుడ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వల పన్నడం, చంపడమే కాదు, అడవి పక్షుల గుడ్లు పగలగొట్టినా, గూడు కదిలించినా ఆ చట్టం వేటగానే లెక్కిస్తుంది. సొంత పొలమైనా ఇందులో మినహాయింపు లేదు. పంట నష్టం మరీ తీవ్రమైతే అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. చర్యకు రాతపూర్వక అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిది. మనంతట మనం తీర్పు చెప్పుకోకూడదు.

ఒకసారి చెట్టు కింద కాసేపు నిలబడి చూడండి. కిందికి గొట్టం దిగకుండా, బోర్లించిన బుట్టలా ఆగిపోయిన గూళ్లు మగపిట్ట సగం అల్లినవి. వాటిలో గుడ్లు ఉండవు. ఆడపిట్టకు నచ్చితేనే అల్లిక ముందుకు సాగుతుంది. గొట్టం పూర్తిగా దిగి, ఆడపిట్ట ముక్కున పురుగుతో లోపలికి దూరుతోందంటే పిల్లలున్నట్టే. గింజ తినే ఈ పిట్టలే పిల్లలకు గొంగళి పురుగులను, మిడతలను ఏరుకొచ్చి పెడతాయి. పొదిగే రోజులు, పిల్లలు ఎగిరే రోజులు కలిపి సుమారు నెల. వానాకాలం ముగిసి గూళ్లన్నీ ఖాళీ అయ్యాక చెట్టు సంగతి ఆలోచించండి. అయినా ఆ చెట్టును ఉంచితేనే మంచిదని నా అభిప్రాయం.

పంటను కాపాడుకోవలసింది ఈ గింజ గట్టిపడే రోజుల్లోనే. ఎరుపు, వెండి రంగుల మెరుపు రిబ్బన్లను పైరుకు అర మీటరు ఎత్తున, 5 మీటర్లకో వరుస చొప్పున, ఉత్తర దక్షిణాలుగా కట్టండి. మెలితిప్పి కడితే ఎండకు మెరుస్తాయి, గాలికి మోగుతాయి. ఉదయం, సాయంత్రం మంచె మీద కాపలా తప్పదు. మందు కలిపిన గింజలు మాత్రం చల్లవద్దు. వాటిని నెమళ్లు తిని చస్తే కేసు చాలా పెద్దదవుతుంది. నెమలి చట్టంలోని మొదటి షెడ్యూలు (గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా) పక్షి, శిక్ష 3 ఏళ్లకు తగ్గదు.

సర్వేకు వచ్చిన వారిని తప్పకుండా రానివ్వండి. తెల్లవారుజామున ఒకచోట కొద్ది నిమిషాలు నిలబడి, కనిపించిన, వినిపించిన పక్షులను జాతివారీగా రాసుకుంటారు. 2023లో వెలువడిన దేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం ఇలా మామూలు మనుషులు రాసిపెట్టిన లెక్కలే. గూళ్లు ముట్టుకోవద్దని, చెట్టెక్కవద్దని, ఫోనులో పిట్టల కూతలు వినిపించి వాటిని రప్పించవద్దని ముందే చెప్పండి. ఏయే గూళ్లలో పిట్టలు తిరుగుతున్నాయో తేదీతో రాయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. చెట్టు కొట్టే రోజు వస్తే, గూళ్లు ఖాళీ అయ్యాయో లేదో ఆ కాగితంతో పోల్చి చూసుకోవచ్చు.